ఏకగ్రీవంగా లస్మవ్వ

హలో… ఆ, నేనే. ముత్తయ్యనే. అరువకు పోచయ్యా, ఇనవడుతున్నది.

… ఆ, సారయ్య పోస్టాఫీసుల నుండే. ఊరంతటికి ఒక్కటే ఫోను, ఇంకేడికెళ్ళి మాట్లాడుత? నీ బామ్మర్ది జగిత్యాల పాల ఆఫీసు నుండి లైన్ల ఉన్నడు, ఉరికి రా అన్నడు సారయ్య. నేను ఉరుకలె. నడిసొచ్చిన.

… మంచిగనే ఉన్న. గిది అడుగతందుకు చేసినవా? నీ అక్క పోయి ఏడు నెలలు. ఏడు నెలల సంది మా వాకిలి ముంగటికెళ్ళే పాలకేంద్రానికి పోతవ్. ఒక్కనాడన్న తల ఇటు తిప్పినవా? ఇయ్యాల జగిత్యాలకు పోయి అడుగుతున్నవ్, బావా మంచిగున్నవా అని.

… సరే, చెప్పు. ఆగు. ఆడ టైమెంతయింది?

… ఒకటిన్నర. ఏం లేదు, ఊకెనే అడిగిన. చెప్పు.

… ఆ.

… రేపా?

… ఆఫీసు పెద్ద సారు మన ఊరికే వస్తున్నడా. మంచిది.

… తెలుసు, పాలు చల్లగ చేసే మిషను. ఊరంత తెలుసు. పొద్దుమీకి పిండిన పాలు తెల్లారేదాక ఇరుగకుంట ఉంటయ్. మంచి పనే. పారబోసే పాలు ఆగుతయ్.

… మహిళా సొసైటీలకే ఇస్తున్నరా? ఇంకేం మరి. మనది మహిళా సొసైటీనే గదా. పాలు కొలిచేది పోచయ్య. సెక్రటరీ పోచయ్య. మీటింగుల కూసునేది పద్దెనిమిది మంది, అందరికి మీసాలే. అసలైన మహిళా సొసైటీ.

… నవ్వకు. నిన్ను నవ్విచ్చతందుకు చెప్తలేను.

… ప్రెసిడెంటును సూడాలె అన్నడా? అంటడు మరి. రెండు మాటలు మాట్లాడాలె… ఫోటో తియ్యాలె… పేపర్లెయ్యాలె. అన్ని మంచిగనే ఉన్నయ్.

తీసుకపోయి సూపెట్టు.

… సూపెట్టు అంటున్న. నీ అక్కనే గదా. ఏడున్నదో నీకెరికే. మన చెలక దాటినంక వాగొడ్డుకు. పుట్టింటి చీర కప్పింది నువ్వే. పచ్చ చీర, ఎర్ర అంచు. గాలికి కొంగు లేస్తున్నదని కట్టె పెట్టింది గూడ నువ్వే. మర్సిపోయినవా?

… ఎటకారం కాదు. ప్రెసిడెంటును అడిగిండ్రు అన్నవ్, ఏడున్నదో చెప్పిన.

… ఏంది?

… మల్లొక్కసారి చెప్పు. మెల్లగ చెప్పు.

… నీలను.

… మా నీలను కుర్చీల కూసోవెట్టి, లస్మవ్వ అంటవా?

… ఆ, తల్లి మొఖమే. కాదన్ననా? … పెద్దంచు చీర కట్టిచ్చి… కొప్పు ముడేసి… బొట్టు పెద్దగ పెట్టి. … సారు కొత్తోడు, లస్మవ్వను ఎన్నడు సూడలె. … పది నిమిషాల పని.

అది పంతొమ్మిదేండ్ల పిల్ల పోచయ్యా. కోరుట్లల ఇంటరు సదివింది. నలభై మూడేండ్ల మనిషివని చెప్పుమంటవా దాన్ని? నా పక్కన నిలబెట్టి నా పెండ్లాం అని చెప్పుమంటవా నన్ను? సారు ఫోటో తియ్యాలె, నేను పండ్లు బయటపెట్టాలె. నోట్లెకెళ్ళి మాట వచ్చేటప్పుడు నీకు సుర్రుమనలేదా?

… ఎవని తెలివి ఇది? నీదా, దామోదర్ రావుదా?

… పక్కనే ఉన్నడా? నమస్తే అన్ననని చెప్పు. ఊర్లె ఆ దొర గడి ఉన్నప్పుడు చెప్పులు చేతుల పట్టుకొని పోయి చెప్పేది. ఇప్పుడు చెప్పులు కాళ్ళకే ఉన్నయ్, ఫోన్ల చెప్తున్న. గంతే ఫరకు.

… ఇంటే ఇననియ్యి. అప్పుడు గూడ గీ దొర తెలివే గదా. ఎనిమిదేండ్లయింది. అడివిల అన్నలు చీటి అంటించిండ్రు, దొర మనుషులు సొసైటీ ఇడిసి పోవాలె అని. దొర మూట గట్టుకొని జగిత్యాలల పడ్డడు. పోంగ పోంగ మీకు చెప్పిపోయిండు. మొగోళ్ళ పేర్లుంటే అటు అన్నలు పిలుస్తరు, ఇటు పోలీసోళ్ళు పిలుస్తరు. పెండ్లాల పేర్లు రాసుకోండ్రి, ఆడోళ్ళను ఎవ్వడు పిలువడు అని. ఒక్క రాత్రిల పద్దెనిమిది మంది మొగోళ్ళు పెండ్లాల కొంగు ఎనుక దాక్కున్నరు. దానికి పేరు మహిళా సొసైటీ.

… నేను గూడ. నేనేమన్న ఊరవతల ఉన్ననా? అందరి కంటె ముంగట నేనే రాసిచ్చిన, లస్మవ్వ అని. అందుకే ప్రెసిడెంటు అయింది. కాయిదం మీద మొదటి పేరు అని.

… ఆడోళ్ళను ఎవ్వడు పిలువడన్నరు. పిలిచిండ్రా లేదా? కల్వర్టు పేల్చిన యాడాది పాలబండి బంద్ అయింది. కథలాపూర్ దాక క్యాన్లు నెత్తిన పెట్టుకొని నడిసింది ఎవలు? మనం తొవ్వల కనవడితే అనుమానం అని ఇండ్లల్ల కూసున్నం. ఆడోళ్ళు నడిసిండ్రు. నాలుగు నెలలు, రోజు. గప్పుడే గదా గుట్టకాడ అన్నలు ఆపి పాలు తాగింది.

… ఎట్ల మరుస్తవ్? పోలీస్ స్టేషన్ నుండి కబురు వచ్చింది, ప్రెసిడెంటు రావాలె, అన్నలకు పాలు పోసింది ఎవలు అని. ఆ పొద్దు నువ్వు ఏడున్నవ్?

… గంభీరావుపేటల. అత్తగారింట్ల. పండుగ లేదు, పబ్బం లేదు, అత్తగారింట్ల. నేనేడున్న? చెప్పనీకి నాకు సిగ్గయితలేదు, చెప్త. గడ్డివాముల దాక్కున్న. నీ అక్క ఒక్కతే పోయింది. పొద్దుగాల పోయి పొద్దుమీకి వచ్చింది. ఏమడిగిండ్రు అంటే, పాలు పోసినవా అన్నరు, దూపయితుంది అన్నోళ్ళకు పోసిన, మీరడిగినా పోస్త అన్న అని చెప్పింది. ఎస్సై చెంబెడు తాగి పంపిండట. వచ్చి బర్రెకు కుడితి పెట్టింది. గడ్డివాములకెళ్ళి నేను బయటికొస్తే, నెత్తిల గడ్డి ఉన్నది తీసుకో అన్నది. గంతే.

గా ఒక్క దినం ఆమె ప్రెసిడెంటు. మిగిలిన దినాలు నేను ప్రెసిడెంటు.

… అబద్ధమా? కుర్చీ ఎవలకేసేటోళ్ళు? శాలువ ఎవలకు కప్పిండ్రు? నాకు. ఆమె దస్కతు ఎవలు పెట్టేది? నేను. ఆమెకు రాదనా? ఆమెకొచ్చు. నా కంటె గుండ్రంగ రాసేది. బుక్కు ఇంటిదాక తెచ్చుడెందుకు అని నేనే గీకి ఇచ్చేటోన్ని.

… ఒక్కసారి వచ్చింది మీటింగుకు. నువ్వు మరిసినవ్ గని నేను మరువ. గడప అవుతల నిలబడి, పొద్దుమీకి పాలు ఇరుగుతున్నయ్, చల్లగ చేసే మిషను ఉంటదట, సార్లను అడుగుండ్రి అన్నది. నువ్వేమన్నవో యాదికున్నదా?

… లేదు. ఉండదు. అక్కా, ఛాయ్ పెట్టినవా అన్నవ్. అందరు నవ్విండ్రు. నేనేమన్ననో చెప్పాల్నా? ఇంటికి పో, బర్రె ఒర్రుతున్నది అన్న.

ఇప్పుడు మీరు తెస్తున్న మిషను గదే. రేపు నువ్వు కొబ్బరికాయ కొట్టే మిషను గదే.

… ఆడోళ్ళ మంచికే అంటున్నవా? ఆడోళ్ళ మంచికి సచ్చిపోయిన ఆడిదాన్ని లేపుతవా?

… ఆగు. అందరెవలు? పేర్లు చెప్పు. ఎవలెవలు ఒప్పుకున్నరు?

… మొగోళ్ళ పేర్లు చెప్తున్నవ్ పోచయ్యా. నేను తప్ప పదిహేడు మంది మొగోళ్ళ పేర్లు చెప్తున్నవ్. నేనడిగింది సభ్యులను.

… టైమెంతయింది? … చెప్తె నీదేం పోతది? గోడకు గడియారం ఉన్నదిగదా.

… ఒకటీ నలభై. మంచిది. తొందరేమున్నది, ఆఫీసు ఫోనేనాయె. మాట్లాడుదాం.

… ఆ మాట గూడ అంటవని తెలుసు. రోజు కేంద్రంల నీల లస్మవ్వ పేరు మీదనే పాలు పోస్తున్నది, రేపొక్కనాడు ఆ పేరు చెప్తె ఏమయితది అంటవ్. ఎందుకు పోస్తున్నది? పేరు మార్చు మామా అని ఎన్నిసార్లు అడిగింది నిన్ను? నువ్వేమన్నవ్? మారుస్త, తీర్మానం గావాలె, మీటింగు గావాలె. రోజు పొద్దుగాల నువ్వు పిలుస్తవ్, నాలుగో నంబరు, లస్మవ్వ అని. నా బిడ్డ ఆ అంటది. సొంత మేనమామ ముంగట నిలవడి, సచ్చిపోయిన తల్లి పేరుకు ఆ అంటది. ఏడు నెలలు. ఇంటికొచ్చి గిన్నె కడిగి బోర్లేస్తది. నాతోటి మాట్లాడది.

… మాట్లాడది. నీ మీద కోపం కాదు అది. నా మీద.

… ఆ. నువ్వంటవనే సూస్తున్న. అన్నవ్. అను, మల్ల అను. దొరకు గూడ ఇనవడేటట్టు అను.

… కొట్టిన. నేను గూడ చప్పట్లు కొట్టిన.

… దసరా ఎనుక మీటింగు. నీ అక్క పోయి గప్పటికి మూడు నెలలు. నువ్వు పాత కాయిదం తీసి సదివినవ్, ప్రెసిడెంటు లస్మవ్వ, ఎవలకన్న అభ్యంతరమా అని. అందరు లేదు లేదు అన్నరు. ఏకగ్రీవం అన్నవ్. చప్పట్లు. పద్దెనిమిది మందిల ఒక్కనికి తట్టలె. ఆమె పాడె మోసిండ్రు మీరు. బూడిద ఆరలె. నీకు తట్టలె, చీర కప్పినోనివి. నాకు…

… నాకు తట్టలె.

… ఉన్న. లైన్లనే ఉన్న.

… నాకెందుకు తట్టలేదో చెప్పాల్నా? లస్మవ్వ అంటే నాకు నేనే అనుకున్న. అన్నేండ్లు ఆ పేరు మీద నేను కూసున్న. నువ్వు ఆ పేరు సదివితే నా పేరు సదివినట్టనిపిచ్చింది. మల్ల నన్నే ఎన్నుకున్నరు అని సంబురపడ్డ. శాలువ ఏసుకొని ఇంటికొచ్చిన. వాకిట్ల నిలవడి పిలిచిన. లస్మా, మల్ల నువ్వేనే అని.

… ఆ. పిలిచిన. గట్టిగ పిలిచిన.

నీల బయటికొచ్చింది. చేతుల పిండి ఉన్నది. ఎవలను పిలిచినవ్ నాయినా, అన్నది.

… అది నా శాలువ దిక్కు సూసింది. లోపటికి పోయింది. గా పొద్దు నుండి నాకు అన్నం పెడ్తది. నాయినా అని పిలువది.

… ఏడుస్తలేను. నువ్వు నా కోసం గొంతు తగ్గియ్యకు. నీ ఓదార్పు నాకెందుకు? నువ్వు మంచోనివని గాదు ఇది చెప్పింది. మనిద్దరం ఒక్కటే అని చెప్పిన. నువ్వు ఆమె రక్తం, నేను ఆమె మొగణ్ణి. ఇద్దరం కలిసి ఆమెను ఏకగ్రీవం చేసినం.

… పంపియ్య.

… పంపియ్య అన్న. ఎన్నిసార్లు చెప్పాలె.

… ఎవలు? సుమిత్రనా? నీ మరదలు… తంగళ్ళపల్లిల ఉండే సుమిత్ర. ఆ. సిరిసిల్లకు ఫోన్ చేసి పిలిపిస్తవా? ఆమె లస్మవ్వ అయితదా? అవుతది, ఎందుకు కాదు. చీర కట్టుకున్న ప్రతి మనిషి లస్మవ్వనే నీకు.

… ఆగు, పెట్టకు. పోచయ్యా, ఫోన్ పెట్టకు. ఒక్క మాట ఉన్నది.

… ఏం మాట అంటే… నువ్వు సుమిత్రను పిలిస్తే పుస్తెలతాడు తీసి రమ్మను. మా లస్మిది బొట్టుబిళ్ళల పుస్తె. పాలోళ్ళకందరికి ఎరికే. సుమిత్రది సిరిసిల్ల మోడల్. దొరికిపోతవ్.

… ఆ, ఎటకారమే. ఇప్పుడు ఎటకారమే. నీ ఎడమ చేతి బొటనవేలికి సిరా ఉన్నదా సూడు. పోయిన తాప బుక్కుల వేలి నిషానులు ఎవలు పెట్టిండ్రు? పదిహేడు మంది ఆడోళ్ళ నిషానులు, అన్ని ఒక్క తీరుగనే ఉన్నయట. నీల సూసింది. నీలకు సదువొచ్చు గదా. నువ్వు బుక్కు బల్ల మీద మరిసిపోయినవ్.

… ఎప్పుడంటే ఎందుకు? సూసింది. బాలవ్వకు సూపిచ్చింది. బాలవ్వ ఎల్లవ్వకు, ఎల్లవ్వ మిగిలినోళ్ళకు. పొద్దుగాల పాలు పోసే లైన్లనే. నువ్వు ముంగట కూసోని కొలుస్తున్నవ్, వాళ్ళు ఎనుక మాట్లాడుకున్నరు. పాల లైన్ల ఆడోళ్ళు ఏం మాట్లాడుతున్నరని నువ్వు ఎన్నడు ఇనలేదు. గదే నీ పని పాడుచేసింది.

… టైమెంత?

… చెప్పు.

… పావు తక్కువ రెండు. అచ్చింది.

… బస్సు. కోరుట్ల నుండి వచ్చే బస్సు. మన ఊర్ల పన్నెండింటికి ఎక్కిండ్రు. కోరుట్ల కాడ పోలీసోళ్ళు ఆపి సూస్తరు గదా. మొగోళ్ళు అంతమంది ఒక్కసారి పోతే దింపి కూసోవెడుదురు. ఆడోళ్ళను అడుగరు. మీ దొర చెప్పిందే గదా, ఆడోళ్ళను ఎవ్వడు పిలువడు అని.

… పదిహేడు మంది. పద్దెనిమిదో మనిషి జాగల నీల.

… నాకెప్పుడు తెలుసా? పొద్దుగాల తెలుసు. బాలవ్వ మా ఇంటికొచ్చింది. నేను గూడ వస్త అంటే ఒద్దన్నది. మొగోడెవ్వడు ఒద్దు, నువ్వు అసలే ఒద్దు అన్నది. నీకొక్కటే పని ముత్తయ్య, సారుకు సూపెట్టతందుకు ప్రెసిడెంటు గావాలె గదా, పోచయ్య నీకు ఫోన్ చేస్తడు, మేము ఆఫీసు ఎక్కేదాక వాన్ని మాట్లాడిచ్చు, ఇంకో మనిషిని పిలిపిచ్చే సందు ఇయ్యకు అన్నది. నేను ఇంతసేపు ఎన్నడన్న మాట్లాడిన్నా పోచయ్యా? పెండ్లాంతోటి మాట్లాడిన్నా?

… తిట్టు. తిట్టించుకుంట. ఇంకో రెండు నిమిషాలు తిట్టు.

… రేపటిదాక ఎందుకు ఆగుతరు? రేపు సారు ఊర్లెకు వస్తే ముంగట కుర్చీలల్ల మీరే. ఆడోళ్ళు గోడకు. అందుకే ఇయ్యాల్నే పోయిండ్రు, కుర్చీ ఉన్నకాడికే.

… మిషను పోతే పోనియ్యి అనలేదు వాళ్ళు. మిషను గావాలె అనే పోయిండ్రు. మా ప్రెసిడెంటు సచ్చిపోయింది, మీటింగు పెట్టి మా ముంగట చేతులు లేపిచ్చుండ్రి, ఎవలు అయితరో అయితరు, మిషను ఇయ్యండ్రి అని కాయిదం. నీల రాసింది.

… నీ పేరు రెండోది. మొదటి పేరు నాది. సచ్చిపోయిన మనిషికి చప్పట్లు కొట్టినోళ్ళు అని రాసి, కింద ఒకటి, ముత్తయ్య, మొగడు అని పెట్టింది. నాకు సదివి ఇనిపిచ్చింది. దసరా సంది గదే మొదటి మాట నాతోటి. కొట్టెయ్యాల్నా అని అడుగలె. నేను గూడ కొట్టెయ్యుమనలె.

… ఏంది ఆ సప్పుడు?

… మెట్ల మీదనా? సూడు మరి. కిటికీల నుండి సూడు.

… హలో.

… పోచయ్యా? హలో… ఫోన్ బల్ల మీద పడేసి పోయినవా?

హలో…

సారయ్యా, జర ఆ రేడియో బంద్ చెయ్యి. … బంద్ చెయ్యి అన్న గదా.

… ఇనవడుతున్నది. మస్తు మంది ఉన్నరు… గది బాలవ్వ గొంతు… దామోదర్ రావు ఏదో అంటున్నడు… ఆ, దొరను కూసోమంటున్నది బాలవ్వ…

… సారు అనుకుంట. పేరు అడుగుతున్నడు. ప్రెసిడెంటు ఎవలు అంటున్నడు…

… చెప్పు బిడ్డా.

… …

నీల.

నీల అన్నది సారయ్యా. లస్మవ్వ మా అవ్వ, సచ్చిపోయింది, నా పేరు నీల అన్నది. గట్టిగనే అన్నది.

… ఏం లేదు. కండ్లల్ల దుమ్ము. నీ పోస్టాఫీసు ఊడ్సవా ఎన్నడు?

ఇగో, తీసుకో నీ ఫోను. … ఎవడు మల్ల చేసినా నన్ను పిలువకు. బర్రె ఒర్రుతుంటది, నీళ్ళు పెట్టాలె.